మనము అంటుకట్టబడిన కొమ్మలము



నేను వేదపండితురాలను కాను. 32 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి, దాదాపు అంతకాలమూ మా ఊరి సంఘములో సండేస్కూలు నడిపినదానను. ఇశ్రాయేలును గూర్చి వ్రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆ విషయములో నేను చాలాకాలము తప్పు చేశాను. ఆ తప్పును ప్రభువు నాకు ఎలా చూపించాడో చెబితే మీలో ఒకరికైనా మేలు కలుగుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ప్రతి సంవత్సరము మంచి శుక్రవారము సాయంత్రము మా సండేస్కూలు పిల్లలచేత సిలువ నాటిక వేయించేదాన్ని. వేషాలు పంచేది నేనే. చక్కగా పాడగలిగిన పిల్లవానికి ప్రభువు వేషము, నెమ్మదైన అమ్మాయికి మరియమ్మ వేషము, శిష్యులకు తెల్లని పంచెలు. మిగిలిపోయిన అల్లరి పిల్లలందరికీ ‘యూదులు’ వేషాలు. వాళ్లకు నల్ల దుప్పట్లు కప్పి, బొగ్గుతో మీసాలు దిద్ది, ప్రభువును సిలువ వేయమని కేకలు పెట్టించేదాన్ని. మరియమ్మ యూదురాలేనని, పేతురు, యోహాను యూదులేనని, ఆ మాటకొస్తే యేసుప్రభువు కూడా దావీదు వంశములో పుట్టిన యూదుడేనని ఆ నాటిక చూసినవారికి తోచేది కాదు. వ్రాసిన నాకే తోచలేదు.

1996లో ఆ వేషము వేసిన పిల్లవాడు ఒకడు పండుగ వెళ్లిన తరువాత ఏడుస్తూ నా దగ్గరకు వచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. ఆటల్లో మిగతా పిల్లలు వాడిని చుట్టుముట్టి, “యూదుడు, యూదుడు” అంటూ ఉమ్మివేశారట.

“టీచరమ్మగారూ, వచ్చే ఏడు నాకు ఆ వేషము వద్దండీ. నన్ను ఎవరూ ముట్టుకోనంటున్నారండీ” అన్నాడు.

నేను వాడి ముఖము తుడిచి, “నాటకమే గదరా” అని పంపేశాను. మరుసటి ఏడు ఆ వేషము ఇంకొక పిల్లవానికి ఇచ్చాను. నేను చేసిన మార్పు అంతే.

‘ముట్టుకోనంటున్నారు’ అన్న మాట నా గుండెలో గుచ్చుకోవలసింది. మా తాతలు ఊరి బావి దగ్గర దూరముగా నిలబడి, ఎవరైనా దయతలచి నీళ్లు పోస్తారా అని ఎదురుచూసినవారు. ఒక మనిషి ఏమి చేశాడో చూడకుండా, అతడు పుట్టిన జనమును బట్టి అతనిమీద ముద్ర వేయడము ఎలాంటిదో మన పల్లెలలోని క్రైస్తవులకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా నేను అదే పని దేవుని మందిరములో, సిలువ పేరుమీద చేయించాను.

ఈ సంగతి మరచిపోయి ఎన్నో ఏళ్లు గడిచాయి. 2023 క్రిస్మసు రోజున దేవుడు దానిని మరల నా ముందు పెట్టాడు.

ఆ సంవత్సరము అక్టోబరు 7న హమాస్ మనుషులు ఇశ్రాయేలు దేశములోకి చొరబడి సుమారు 1,200 మందిని చంపి, 250 మంది వరకు బందీలుగా పట్టుకుపోయారు. అటు తరువాత గాజాపై యుద్ధము మొదలై వేలాదిమంది, వారిలో ఎందరో పసిబిడ్డలు, చనిపోయారు. ప్రతి ఇంట్లో టీవీలో అవే దృశ్యాలు. ఆరాధన ముగిసి, మా ఇంట్లో అందరమూ భోజనాలకు కూర్చున్నాము. గోదావరి జిల్లాలో ప్రార్థనా మందిరము నడుపుతున్న మా తమ్ముడు కుటుంబముతో వచ్చాడు. వాళ్ల మందిరములో వేదిక వెనుక గోడకు ఇశ్రాయేలు జెండా ఉంటుంది.

“అక్కా, లేఖనాలు నెరవేరుతున్నాయి. ఇశ్రాయేలు ఏమి చేసినా అది దేవుడు చేయిస్తున్నదే. దానిని తప్పుపట్టేవాడు దేవునితో పోట్లాడినట్లే” అన్నాడు.

మా మరిది సంఘపెద్ద. ఆయన ఊరుకోలేదు. “వాళ్లు క్రీస్తును కాదన్నారు, దేవుడు వాళ్లను కాదన్నాడు. ఇప్పుడు సంఘమే ఇశ్రాయేలు. ఆ యూదుల కథ ముగిసిపోయింది. వాళ్లకు ఏమైతే మనకేమి?” అన్నాడు.

మాటా మాటా పెరిగింది. మా తమ్ముడు విస్తరి ముందునుండి లేచి, చెయ్యి కడుక్కుని, భార్యాపిల్లలను తీసుకుని వెళ్లిపోయాడు. పండుగ పూట ఇంటి ఆడపడుచు వడ్డించిన అన్నము వదిలి వెళ్లాడంటే ఆ బాధ ఎలాంటిదో చెల్లెళ్లకు, అక్కలకు తెలుస్తుంది. ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ ఏడ్చాను. తమ్ముడు వెళ్లినందుకు మాత్రమే కాదు. మా మరిది అన్న మాటలో నా పాత నాటిక నాకు వినబడింది.

జనవరి నుండి బైబిలు తెరచి, ఈ ఒక్క విషయము కోసము చదవడము మొదలుపెట్టాను. నాకు తగిలిన మొదటి దెబ్బ యిర్మీయా 31వ అధ్యాయము. పాత నిబంధన యూదులకు, క్రొత్త నిబంధన మనకు అని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాని క్రొత్త నిబంధన ఎవరితో చేస్తానని దేవుడు అక్కడ చెబుతున్నాడు? ఇశ్రాయేలు వారితోను, యూదా వారితోను. ధర్మశాస్త్రమును వారి హృదయాలమీద వ్రాస్తానని, వారి పాపములను ఇక జ్ఞాపకము చేసికోనని చెప్పినది వారికే. హెబ్రీ పత్రిక 8వ అధ్యాయము ఆ మాటలనే తిరిగి ఎత్తి వ్రాసింది. వారి పేరు కొట్టివేసి మన పేరు వ్రాయలేదు.

ఆ రాత్రి ప్రభువు గిన్నె ఎత్తి, తన రక్తమువలన కలిగే క్రొత్త నిబంధన ఇదేనని చెప్పినప్పుడు (లూకా 22) బల్ల చుట్టూ కూర్చున్న పన్నిద్దరూ యూదులే. పెంతెకొస్తు దినమున బాప్తిస్మము పొందిన మూడువేలమంది యూదులు, యూదుల మతములో చేరినవారు. కొర్నేలి ఇంటికి సువార్త వెళ్లేసరికి అపొస్తలుల కార్యములలో 10వ అధ్యాయము వచ్చింది. 15వ అధ్యాయములో యెరూషలేములో పెద్దలు కూడి తర్కించినది, అన్యజనులు సున్నతి లేకుండా, యూదులు కాకుండా, ఉన్నవారు ఉన్నట్లుగానే లోపలికి రావచ్చునా అని. అంటే ఇంటివారు కూర్చుని మనల్ని రానివ్వడము గూర్చి మాట్లాడుకున్న సభ అది. ఇప్పుడు మనము వాళ్ల ఇంటి అరుగుమీద కూర్చుని, ఇంటివాళ్లకు లోపల చోటు ఉన్నదా లేదా అని తీర్పు చెబుతున్నాము!

మా మామయ్యగారికి అప్పటికి 84 ఏళ్లు. నూజివీడు ప్రాంతములో మామిడితోటలు పెంచి, తన చేతితో వందల అంట్లు కట్టిన మనిషి. చూపు మందగించినందున సాయంకాలము తోటలో మంచము వేసుకుని కూర్చుంటే నేను వాక్యము చదివి వినిపిస్తుంటాను. ఫిబ్రవరి నెల, చెట్లు పూతమీద ఉన్నాయి. ఆ రోజు రోమా పత్రిక 11వ అధ్యాయము చదువుతున్నాను. మంచి ఒలీవ చెట్టు కొమ్మలు కొన్ని విరిచివేయబడ్డాయని, అడవి ఒలీవ కొమ్మలమైన మనము వాటి మధ్య అంటుకట్టబడ్డామని పౌలు వ్రాసిన చోటికి వచ్చాను.

“ఆగమ్మా, అది మళ్లీ చదువు” అన్నారు. మళ్లీ చదివాను.

“ఇది తిరగేసి ఉందే! మేము టెంక పాతి నాటు మొక్కను లేపి, దానిమీద మంచి రకము కొమ్మ కడతాము. కొమ్మ ఏదైతే కాయ అదే. రసాలు కట్టితే రసాలు, బంగినపల్లి కట్టితే బంగినపల్లి. మంచి చెట్టు కొమ్మ కోసి, దానిమీద అడవి కొమ్మ కట్టే పిచ్చివాడు ఎవడుంటాడు?”

“పౌలుగారు పట్నములో చదువుకున్నవారు గదా మామయ్యగారూ, తోటపని తెలియదేమో” అన్నాను నవ్వుతూ.

ఇంకా చదివాను. ఆ అంటు స్వభావానికి విరుద్ధముగా కట్టినదని పౌలే ఒప్పుకున్న 24వ వచనము వచ్చింది. మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు.

“తెలిసే చెప్పాడమ్మా. ఏ తోటమాలీ చేయని పని దేవుడు చేశాడు. అందుకే దానిని కృప అన్నారు” అన్నారు. తరువాత, “విరిచిన కొమ్మ ఎండిపోతుంది, ఇక అతకదు. దానిని కూడా మళ్లీ కడతానంటున్నాడా ఆయన?” అని అడిగారు.

దేవుడు వారిని మరల అంటుకట్టడానికి శక్తిగలవాడని 23వ వచనములో ఉన్నదని చెప్పాను.

“అలాగైతే, కింద పడిన కొమ్మను కాలితో తొక్కేవాడు కొంచెము చూసుకోవాలి. తోటమాలి దానికోసమే వస్తున్నాడేమో!”

ప్రియులారా, ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, ఆ మంచము దగ్గర విన్న మాట మరువలేను. ఆ చెట్టును నిదానముగా చూడండి. దేవుడు చెట్టును పెకలించి వేరొక చెట్టు నాటలేదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు చేసిన వాగ్దానమే ఇప్పటికీ వేరు. కాబట్టి ఇశ్రాయేలు కథ ముగిసిందని చెప్పే హక్కు మనకు లేదు. అలాగే చెట్టు ఒక్కటే గాని రెండు కాదు. యూదులకు ఒక దారి, సంఘానికి ఒక దారి అని పౌలు చెప్పలేదు. విరిగినది అవిశ్వాసమువలన, నిలిచినది విశ్వాసమువలన. తన జనులు రక్షణ పొందాలని ప్రార్థించినవాడు, వారి కొరకు తానే శాపగ్రస్తుడైనా సరేనన్నంతగా దుఃఖించినవాడు పౌలు (రోమా 9, 10 అధ్యాయములు). ఆ దుఃఖము మనలో ఎంతమందికి ఉన్నది? కొమ్మ వేరును మోయడము లేదు, వేరే కొమ్మను మోస్తున్నది గనుక అతిశయపడవద్దని ఆయన మనల్నే హెచ్చరించాడు.

సంఘము ఆ హెచ్చరిక వినలేదు. నా పుట్టిల్లు గుంటూరు జిల్లా. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చి నాటిన లూథరన్ సంఘములో నేను పెరిగాను. లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి మా నాయనమ్మ నాచేత కంఠస్థము చేయించింది. ఆ దైవజనుని వలన సంఘానికి కలిగిన మేలు చెప్పలేనిది. కాని ఆయనను గూర్చి మరొక సంగతి నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది. 1523లో ఆయన యేసుక్రీస్తు యూదుడై పుట్టాడని ఒక పుస్తకము వ్రాసి, యూదులతో దయగా మెలగమన్నాడు. 20 ఏళ్ల తరువాత, 1543లో, వారు సువార్తను అంగీకరించలేదన్న కోపముతో, వారి సమాజమందిరాలు తగులబెట్టమని, ఇండ్లు కూల్చమని, ప్రార్థన పుస్తకాలు లాగుకొమ్మని వ్రాశాడు. అంతకు ఎంతో ముందే, 386, 387 సంవత్సరాలలో అంతియొకయలో యోహాను క్రిసోస్తము అనే గొప్ప ప్రసంగీకుడు కూడా యూదులను నిందిస్తూ ప్రసంగాలు చేశాడు. మొట్టమొదట శిష్యులు క్రైస్తవులనబడిన ఊరు అదే!

1938 నవంబరు 9 రాత్రి జర్మనీలో సమాజమందిరాలు నిజముగానే తగులబడ్డాయి. నాజీలు లూథరుగారి ఆ పుస్తకాన్ని తమ ప్రచారానికి వాడుకున్నారు. యుద్ధము ముగిసేసరికి దాదాపు 60 లక్షలమంది యూదులు చంపబడ్డారు. ఆ పాపము అంతా ఒక్క పుస్తకానిది అనడము న్యాయము కాదు. కాని ఆదివారము ఆరాధనకు వెళ్లే దేశములోనే అది జరిగింది. 1994లో అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘము లూథరుగారి ఆ మాటలను బహిరంగముగా త్రోసివేసి, యూదులకు తమ దుఃఖమును తెలియజేసింది. తండ్రి తప్పును తప్పు అని చెప్పడము తండ్రిని అవమానించడము కాదు.

ఇది చదివి మా మరిది తల వంచుకున్నాడు. అయితే మా తమ్ముడు చెప్పినది సరి అయినదా? అక్కడ కూడా ఒక గొయ్యి ఉన్నది.

ఇశ్రాయేలు, సంఘము వేరువేరు జనములని, వారికి వేరువేరు ఏర్పాట్లు ఉన్నాయని 19వ శతాబ్దములో బ్రదరెన్ సహోదరుడైన జాన్ నెల్సన్ డార్బీ బోధించాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డు బైబిలు ఆ బోధను లోకమంతటా వ్యాపింపజేసింది. 1948 మే 14న ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడినప్పుడు ఎంతోమంది విశ్వాసులు ఆనందించారు. చెదరిపోయి, చంపబడిన జనానికి ఒక నీడ దొరకడము చూసి స్తుతించడములో తప్పు లేదు. కాని ఒక ప్రభుత్వము చేసిన ప్రతి పనికీ ఆమేన్ అనడము ప్రవక్తలు మనకు నేర్పలేదు. ఆమోసు, యెషయా, యిర్మీయా ఇశ్రాయేలును ప్రేమించినందువల్లనే దాని రాజులను గద్దించారు. విధవరాలికి, తండ్రిలేని బిడ్డకు, పరదేశికి అన్యాయము చేస్తే దేవుడు ఊరుకోడని చెప్పారు.

పైగా, ఆ దేశములో మన సహోదరులు ఉన్నారు. బేత్లెహేములో అరబ్బీ మాట్లాడే పాలస్తీనా క్రైస్తవులు ఉన్నారు. అక్కడ మా గుంటూరు సంఘము వంటి ఒక లూథరన్ సంఘము కూడా ఉన్నది. మా ఇంట్లో విస్తళ్ల ముందు తగాదా జరిగిన ఆ క్రిస్మసుకే ఆ సంఘమువారు తమ మందిరములో పశువులపాకకు బదులు కూలిన ఇంటి రాళ్లు పోసి, ఆ రాళ్ల మధ్య బాల యేసు బొమ్మను పడుకోబెట్టారు. వారు కూడా మనవలె అంటుకట్టబడిన కొమ్మలే. ఒక కొమ్మను ప్రేమిస్తున్నామని చెప్పి, ఇంకొక కొమ్మ విరిగిపోతుంటే చూసి సంతోషించే కొమ్మ ఎక్కడైనా ఉంటుందా? బందీగా పోయిన బిడ్డకోసము ఏడ్చే యూదు తల్లి, రాళ్లక్రింద బిడ్డను వెదికే గాజా తల్లి, ఇద్దరి కన్నీళ్లనూ ఆయన చూస్తున్నాడు.

మరి ఇశ్రాయేలు అంతా రక్షణ పొందుతుందని పౌలు చెప్పిన మాటకు అర్థమేమిటి అని అడుగుతారేమో. భక్తులైనవారే దీనిని ఒకే రీతిగా చెప్పలేదు. యూదులు, అన్యులు కలిసిన దేవుని జనమంతా అని కాల్విను వ్రాశాడు. అంత్యదినములలో యూదులు విస్తారముగా క్రీస్తునొద్దకు వస్తారని మరికొందరు నమ్మారు. నా మట్టుకు, ఆయన వారికొరకు ఇంకా ఏదో చేయబోతున్నాడని నమ్ముతాను. కాని ఒకటి గమనించాను. ఆ అధ్యాయము చివర పౌలు లెక్కలు కట్టలేదు, సంవత్సరాలు చెప్పలేదు. దేవుని జ్ఞానము ఎంత లోతైనదోనని ఆశ్చర్యపడి, స్తుతించి ముగించాడు.

ఈ చదువంతటిలో నన్ను ఎక్కువగా ఆదరించినది 29వ వచనము. దేవుడు ఇచ్చిన వరములను, పిలుపును వెనక్కు తీసుకోడని అది చెబుతుంది. ఇశ్రాయేలు తప్పిపోయినందున దేవుడు తన మాట తప్పేవాడైతే, అంతకన్న ఎక్కువసార్లు తప్పిపోయిన నాకు ఏ ఆధారము ఉన్నది? వారి విషయములో ఆయన నమ్మకముగా ఉన్నాడు గనుకనే నా విషయములోను ఉంటాడు. యూదుల పేరు కొట్టివేసిన చేతితో మనము మన ధైర్యమునే కొట్టివేసుకుంటున్నాము.

2024లో మంచి శుక్రవారము మార్చి 29న వచ్చింది. ఆ ఏడు నాటిక మళ్లీ వ్రాశాను. నల్ల దుప్పట్లు తీసివేశాను. అందరికీ ఒకే రకము బట్టలు. పేతురు, మరియమ్మ, రొమ్ము కొట్టుకుంటూ వెంట వెళ్లిన స్త్రీలు, దేహము అడిగి తీసుకున్న అరిమతయియ యోసేపు, అందరూ యూదులేనని పిల్లలచేత చెప్పించాను. మేకులు కొట్టిన సైనికులు రోమావారు, అంటే మనవంటి అన్యజనులు అని కూడా చెప్పించాను. కేకలు వేసే గుంపులో ఈసారి పెద్దలను నిలబెట్టాను. మొదటి వరుసలో నేను నిలబడ్డాను.

అంతకు ముందు ఒక పని మిగిలింది. 1996లో ఏడ్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. మా ఊళ్లోనే ట్రాక్టరు నడుపుతాడు. వాళ్ల ఇంటికి వెళ్లి, “నాయనా, ఆ రోజు నీకు అన్యాయము చేశాను. క్షమించు” అన్నాను. మరిచిపోయి ఉంటాడనుకున్నాను. అతడు తల వంచుకుని, “మరవలేదండీ టీచరమ్మగారూ. మా వాడిని నాటకాలకు పంపకపోవడము అందుకేనండీ” అన్నాడు. ఆ సాయంత్రము కొడుకును తానే తీసుకువచ్చి నాకు అప్పగించాడు.

తమ్ముడికి ఉత్తరము వ్రాశాను. నాటిక రోజున వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. వాళ్ల మందిరములో జెండా ఇంకా ఉన్నది. మా మరిదికి, తమ్ముడికి అన్ని విషయాలలో ఏకాభిప్రాయము రాలేదు. అయితే ఆ రాత్రి మామయ్యగారు ఇద్దరినీ చెరొక ప్రక్క కూర్చోబెట్టుకుని ప్రార్థన చేశారు. యూదుల కొరకు, గాజా ప్రజల కొరకు, బేత్లెహేము సంఘము కొరకు ఒకే ప్రార్థనలో అడిగారు. ఇద్దరూ ఆమేన్ అన్నారు. తమ్ముడు మా ఇంట్లో అన్నము తిన్నాడు.

చదువుతున్న తల్లులారా, సండేస్కూలు టీచర్లారా, మీ పిల్లలకు సిలువ కథ చెప్పేటప్పుడు ఈ చెట్టును జ్ఞాపకము చేసికొనండి. మనము వేరుగా పుట్టలేదు. బయటినుండి తేబడి, గాయము చేయబడిన చెట్టులో, కృపచేత కట్టబడ్డాము. ఆ వేరు మనల్ని మోస్తున్నంతకాలము మనకు తగినది అతిశయము కాదు, భయభక్తులు, కృతజ్ఞత. అట్టి మనస్సు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.